మా ఇంటి సైగలకు వర్ణన

మా ఇంట్లో నోటితో మాట్లాడే మాటలు వచ్చేపోయేవాళ్ళ కోసం. అసలు సంసారమంతా సైగలతో నడిచేది.

ఈ జబ్బు బరంపురం గేట్ బజార్‌లోని మా బట్టల దుకాణం నుంచి ఇంటికి అంటుకుంది. దుకాణంలో తెల్లగుడ్డ పరిచిన పరుపు మీద పెదనాన్న కూర్చునేవారు. గిరాకీ ఎదురుగా ఉండగా పనివాళ్ళకు నోటితో ఏమీ చెప్పకూడదని ఆయన నియమం. ఆయన చెవి గోక్కున్నారంటే, ఈ మనిషి కొనేరకం కాదు, మర్యాద చెడకుండా సాగనంపండి అని. అరచెయ్యి బోర్లించి పరుపు మీద రెండుసార్లు ఆనించారంటే, గిరాకీ సరుకును పరీక్ష పెడుతున్నాడు, పెట్టుకోనీ, మధ్యలో పడకండి అని. పట్టుచీర కొంగులోంచి పోగు లాగి, అగ్గిపుల్లతో కాల్చి, వాసన చూసి, అసలు పట్టో కాదో తేల్చుకునే గిరాకీలు మాకు కొల్లలు. చీర పాడవుతోందని పనివాడి కడుపు రగిలిపోయేది. పెదనాన్న చెయ్యి మాత్రం బోర్లా పడుకునే ఉండేది. “సరుకు మీద నమ్మకమున్నోడు పరీక్షకి బయపడడు” అనేవారు, గిరాకీ వెళ్ళిపోయాక.

ఇంట్లో ఆ శాఖ పెద్దమ్మ కనుబొమలది. చుట్టం గుమ్మంలో అడుగు పెట్టగానే ఆవిడ నోరు “రండి రండి” అనేది. కనుబొమ ఒకటి లేస్తే కాఫీ, రెండూ లేస్తే మజ్జిగ, ఏదీ లేవకపోతే మంచినీళ్ళు. ఆ చుట్టం మా ఆప్యాయతకు కరిగిపోయి, నీళ్ళు తాగి వెళ్ళేవాడు. మా నాన్న, పెదనాన్న ఒకే ఇంట్లో కాపురముండేవారు కాబట్టి ఈ విద్య నాకూ చిన్నప్పుడే అబ్బింది. కానీ అందులో ఆరితేరింది మా అప్ప. మా వైపు అక్కను అప్ప అంటాం. ఆవిడ పెదనాన్న ఒక్కగానొక్క కూతురు. బడి నుంచి వచ్చి దుకాణంలో ఓ మూల కూర్చుని, తండ్రి చెయ్యి కదలకముందే ఏ సైగ రాబోతోందో చెప్పేసేది.

డిగ్రీ చదువుతుండగా అప్పకు చూపు పోయింది. కంటి వెనక నరం ఎండిపోతోందన్నారు. విశాఖపట్నం తీసుకెళ్ళారు, కటక్ తీసుకెళ్ళారు, చివరికి మొక్కుల దాకా వెళ్ళారు. అప్ప కొన్నాళ్ళు గదిలోంచి రాలేదు. వచ్చాక మాట్లాడే కంప్యూటరు నేర్చుకుంది, పరీక్షలు రాసింది, బ్యాంకులో ఉద్యోగం తెచ్చుకుంది. ఊరంతా ఆహా అంది. ఇంట్లో మాత్రం అప్పకు ఒక పూట తెల్లారితే ఒక పూట చీకటి. అందరూ హఠాత్తుగా మాట్లాడటం ఆపేసేవారు, ఎవరో ముక్కులో నవ్వేవారు, ఎవరో లేచి వెళ్ళేవారు. “ఏటైంది?” అని అడిగితే “ఏటీ నేదమ్మా” అనేవారు.

“కళ్ళు పోయినాయని అందరూ ఏడ్సినారు” అంది ఒకసారి నాతో. “ఇంట్లో సగం మాటలు పోనాయి. దానికి ఎవులూ ఏడవడం నేదు.”

ఆ రోజుల్లోనే మా బరంపురంలో ఒక సేవాసంఘం వారికి ఆడియో డిస్క్రిప్షన్ మీద ప్రేమ పుట్టింది. సినిమాలో కనబడేది చూపు లేనివాళ్ళకు మాటలతో చెప్పడం. మంచి పనే. ఆ మంచి పనిని ప్రచారం చెయ్యడానికి సంఘం వారు ఒక సభ పెట్టారు. సంఘం అధ్యక్షుడు ఒడియా పెద్దమనిషి, మా దుకాణానికి పాత గిరాకీ, తెలుగు మనకంటే ఎక్కువ మాట్లాడతాడు, ప్రతి మాటకూ చివర గౌరవంగా ఒక “ఆజ్ఞా” తగిలిస్తాడు. ఆయన స్వయంగా ఇంటికొచ్చి అప్పను పిలిచాడు. తోడుగా నేను వెళ్ళాను.

సభ జ్యోతి వెలిగించడంతో మొదలైంది. పంకా గాలికి అగ్గిపుల్ల ఆరిపోతోంది. ముఖ్య అతిథి గీస్తున్నాడు, ఆరిపోతోంది. పంకా ఆపమని ఒకరు, వద్దు ఉక్క అని ఒకరు, చేతులతోనే వాదించుకుంటున్నారు. చూపు లేని వాళ్ళు హాలు నిండా నిశ్శబ్దంగా కూర్చున్నారు. వాళ్ళ కోసమే పెట్టిన సభలో, వాళ్ళకు ఏం జరుగుతోందో చెప్పాలని ఒక్కరికీ తోచలేదు. అప్ప పక్కన కూర్చున్న ముసలాయన ఎంతసేపని ఓర్చుకుంటాడు? “లైన్ గలా కి?” అన్నాడు గట్టిగా. కరెంటు పోయిందా అని. హాలంతా నవ్వింది. ముఖ్య అతిథి కూడా నవ్వాడు, ఎవరిని చూసి నవ్వుతున్నారో తెలియక.

తర్వాత అధ్యక్షుడు “అందరూ ఒకసారి తెర వైపు చూడండి ఆజ్ఞా” అని స్లైడ్లు వేసి, చూపు లేనివాళ్ళకు వర్ణన ఎంత అవసరమో బొమ్మలతో వివరించాడు.

ఇందులో ఒక్క మనిషికి పని తెలుసు. భువనేశ్వర్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి. సన్నగా, మాట తక్కువగా ఉంది. వర్ణన చెప్పడానికి ముందుకొచ్చిన మా నలుగురికీ ఆ సాయంత్రం శిక్షణ ఇచ్చింది. “కనబడింది చెప్పండి. అనిపించింది చెప్పకండి. మాటకీ మాటకీ మధ్య సందు వస్తుంది, ఆ సందులో చెప్పండి” అంది. ఇంతే చదువు. నాకు నోటికి తాళం లేదని మా ఇంట్లో పేరు. ఇన్నాళ్ళకు ఆ పేరు ఏదో ఒకందుకు పనికొచ్చిందని సంబరపడ్డాను.

మరునాడు ఒక పాత సినిమా వేసి మా చేత వర్ణన చెప్పించారు. రిటైరైన హెడ్మాస్టారొకాయన మొదలుపెట్టాడు. విలన్ తలుపు తీసుకుని లోపలికి రాగానే “అదిగో నీచుడు. వీడికి చివరలో తగిన శాస్తి జరుగుతుంది” అన్నాడు. కథ మొదట్లోనే ముగింపు తెలిసిపోయి జనం నీరుగారారు. ఆయన తర్వాత ఒక భక్తురాలు. పాట వచ్చింది, నాయికా నాయకులు దగ్గరయ్యారు. ఆవిడ “పువ్వులు కనబడుతున్నాయి” అంది. కాసేపాగి “ఇంకా పువ్వులే” అంది. పాట అయ్యేదాకా పువ్వులు తప్ప ఇంకేమీ కనబడనివ్వలేదు. వాళ్ళను చూసి నవ్వాను గానీ నా వంతు వచ్చాక నేనేం వెలగబెట్టాను? బట్టల కొట్టు పిల్లను. నాయిక చీర మీదే నా కళ్ళు. “గంధం రంగు, మెరూన్ అంచు, బుటా పెద్దది, ఇది కంచి కాదు, మన బరంపురం పట్టే” అంటూ కొంగు దాకా వచ్చేసరికి సినిమాలో ఎవరో బావురుమన్నారు. నాయకుడు చనిపోయాడు. ఆ సంగతి చెప్పడం మర్చిపోయాను.

రిక్షాలో వస్తూ అప్ప నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. “ఆడు దేంతో సచ్చిపోనాడే? కత్తా? తుపాకీయా?” అంది.

“నాకూ తెల్దప్పా. సీర కొంగు సూస్తన్నాను.”

మళ్ళీ నవ్వింది. మా వీధి మలుపు తిరుగుతుండగా అంది: “సినిమా నేకపోయినా నాను బతకగల్ను. ఇల్లు నేకుండా బతకలేను. ఆ పిల్ల నేర్పినట్టు మనింట్లో సెప్పవే.”

అలా మొదలైంది. నేను అప్ప పక్కన కూర్చునేదాన్ని. మాటకూ మాటకూ మధ్య సందులో, చెవి దగ్గర, కనబడింది చెప్పేదాన్ని. “పెద్దమ్మ కనుబొమలు రెండూ లేచాయి.” అప్ప వెంటనే, “ఏటమ్మా, పాపం అంత దూరం నించి వచ్చినాడు, మజ్జిగేటి, కాఫీ ఇయ్యి” అనేది. చుట్టం తెల్లబోయేవాడు. పెద్దమ్మ ఎర్రబడేది. “మా నాన్న పెదనాన్న వైపు చూసి, గుమ్మం వైపు గడ్డం ఆడించాడు.” “ఎక్కడికెల్తన్నారు ఇద్దరూ?” అనేది అప్ప. ఆ వారంలో మా ఇంట్లో ఇంతకాలం దాగిన గుట్టంతా వీధిన పడింది. పెద్దమ్మ కనుబొమలను కొంగుతో కప్పుకోవడం మొదలుపెట్టింది. అది కూడా చెప్పేశాను. అప్ప ముఖం మళ్ళీ చిన్నప్పుడు దుకాణంలో కూర్చున్న పిల్ల ముఖంలా ఉండేది. నాకు అంతకుమించిన సినిమా అక్కర్లేకపోయింది.

“ఈ వర్నన దుకానం ఇంట్లో మూసీయండి” అని పెదనాన్న ఆజ్ఞ జారీ చేశారు. అప్పుడే సంబంధం వచ్చింది కాబట్టి.

తెచ్చినవాడు మన అధ్యక్షుడే. అబ్బాయిది మా దగ్గరి అస్కా ఊరు. ఎరువుల దుకాణం ఉంది, తల్లి తప్ప ఎవరూ లేరు, తెలుగువాళ్ళే, చూపు లేదన్నా సరేనన్నారు. “ఇంత ఉదారమైన మనుషులు ఎక్కడ దొరుకుతారు ఆజ్ఞా” అని ఆయన కళ్ళు ఒత్తుకున్నాడు. బ్యాంకు ఉద్యోగం సంగతి ఆ ఉదారమైన మనుషులకు ముందే తెలుసని మాకు తెలుసు. అది తప్పని నేననను. లోకంలో ఎవరు దేన్ని చూసి చేసుకోవడం లేదు?

అప్ప వద్దనలేదు. అసలు సంగతేమిటంటే అతను ఫోనులో మాట్లాడాడు. ఒకసారి కాదు, కొన్నాళ్ళు వరసగా. గొంతు బాగుంటుందని నాతో చెప్పింది. తొందర లేకుండా మాట్లాడతాడట. తనను జాలిగా ఏమీ అడగలేదట. బ్యాంకులో ఏం చేస్తావు, మధ్యాహ్నం ఏం తింటావు, వాన పడుతోందా, అంతే అడుగుతాడట. “నాకు నచ్చినాడే” అంది. సిగ్గుపడలేదు, దాచలేదు. పెళ్ళి చేసుకుని తన ఇల్లంటూ ఒకటి ఉండాలని అప్పకు ఎంత ఆశ ఉందో నాకు ఆ రోజు తెలిసింది. “పెల్లిసూపులకి నువ్వు నా పక్కన కూకోవాల. గొంతు నాను ఇన్నాను. మిగతాది నువ్వు సెప్పాల.”

పెదనాన్న ససేమిరా అన్నారు. “ఆళ్ళ ముందర సెవిలో గుసగుసలేటి? మర్యాదగా ఉంటాదా?”

“నన్ను నలుగురూ సూడ్డానికొస్తన్నారు” అంది అప్ప. “నాను ఒక్కర్నీ సూడకుండా తాళి కట్టించుకోవాలేటి నాన్నా?”

ఆయన దిగొచ్చారు. పక్కన కూర్చోమన్నారు, నోరు మాత్రం అదుపులో పెట్టుకోమన్నారు. నోరు అదుపులో పెట్టుకోవడమంటే సందులో మాట్లాడటమని నేను అర్థం చేసుకున్నాను.

ఆదివారం పూట వచ్చారు. అబ్బాయి, వాళ్ళమ్మ, అధ్యక్షుడు. ముందుగదిలో దుకాణం నుంచి తెప్పించిన పరుపు వేసి, దాని మీద తెల్లదుప్పటి పరిచి కూర్చోబెట్టాం. పెద్దమ్మ కనుబొమలకు ఆ రోజు పని లేదు, బూరెలు, జంతికలు, ఒడియావాళ్ళ మిఠాయి ఛెనాపోడ అన్నీ ఒకేసారి వచ్చేశాయి. అప్పకు ముదురు ఆకుపచ్చ పట్టుచీర కట్టాం. చీర గురించి ఇక్కడితో ఆపుతాను, ఈసారి నాయకుడి సంగతి మర్చిపోకూడదు.

“మనిషి ఎత్తు మధ్యరకం” అన్నాను అప్ప చెవిలో, పెదనాన్న వానల గురించి, చెరకు గురించి మొదలుపెట్టిన సందులో. “చామనచాయ. చొక్కా కొత్తది, మడత గీతలు ఇంకా పోలేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. నిన్నే చూస్తున్నాడు.”

“ఎలాగ సూస్తన్నాడు?”

“నవ్వుతున్నాడు. కొంచెం.”

అప్ప పెదవుల మీద కూడా కొంచెం నవ్వు వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అబ్బాయి తల్లి పెద్దమ్మతో “పిల్ల మొకం కళగా ఉన్నాది. మా ఇంట్లో కూతుర్లాగ ఉంటాది” అంటోంది. గొంతులో తేనె. అలా అంటూనే మెల్లగా ముందుకు జరిగింది. ఎడం చేత్తో కుడిచేతి బంగారు గాజులన్నిటినీ పైకి, మోచేతి దాకా తోసి, కదలకుండా బిగించి పట్టుకుంది. ఎందుకో నాకు అర్థం కాలేదు. తర్వాత ఆ కుడిచేతిని చాచి, మా అప్ప ముఖం ముందు, బెత్తెడు దూరంలో, అటూ ఇటూ ఊపింది.

గదిలో అందరూ చూశారు. చూపు లేనివాళ్ళ సేవకు జీవితం అర్పించిన అధ్యక్షుడు చూశాడు. చూసి బూరె కొరికాడు. ఆవిడ నోటి మాటలు మాత్రం ఆగలేదు. “అస్కాలో నీల్లకి ఇబ్బంది నేదు” అంటోందావిడ, చెయ్యి ఊపుతూనే.

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి ఆ చెయ్యి విరిచేద్దామనిపించింది. అనిపించింది చెప్పకూడదు కదా. కనబడింది చెప్పాను. “వాళ్ళమ్మ గాజులు మోగకుండా పైకి బిగించి, నీ మొహం ముందు చెయ్యి ఊపుతోంది. ముక్కుకి బెత్తెడు దూరం.”

అప్ప కదల్లేదు. ఆవిడ మాటకూ మాటకూ మధ్య సందు వచ్చేదాకా ఆగింది. ఆ సందులో, పెదవి కదిలీ కదలకుండా, ఒక్క మాట అడిగింది.

“అతనేటి సేస్తన్నాడు?”

నేను అతని వైపు చూశాను. తల దించుకుని ఉంటే బాగుండు అనుకున్నాను. కిటికీలోకి చూస్తున్నా బాగుండు. నేల వైపు చూస్తున్నాడని అబద్ధం చెప్పేద్దామా అని ఒక్క క్షణం నోటిదాకా వచ్చింది. అప్ప ఆశపడిన మనిషి.

“వాళ్ళమ్మ చెయ్యి చూస్తున్నాడు. మళ్ళీ నీ కళ్ళు చూస్తున్నాడు. ఇందాకటి నవ్వే ఉంది.”

అప్ప తన చెయ్యి ఎత్తి, గాల్లో ఊగుతున్న ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టేసుకుంది. రెండో చేత్తో తడిమి, బిగించి ఉన్న గాజుల్ని ఒక్కొక్కటిగా కిందికి దించింది. అవి గలగలమన్నాయి.

“గాజులు మోగనీండమ్మా. మోగితే మీరెక్కడున్నారో నాకు తెలుస్తాది.”

ఆవిడ కెవ్వుమంది. “ఓలమ్మో! ఈ పిల్లకి కనబడతన్నాది!”

ఆ మాటతో మా ఇల్లు యుద్ధభూమి అయింది. ఆవిడ చెయ్యి లాక్కుని లేచి నిలబడింది. మోసం అంది. కళ్ళు లేవని చెప్పి కళ్ళున్న పిల్లను అంటగడతారా అంది. అసలు లోపం లేని పిల్లను ఇంత సులువుగా ఎందుకిస్తారు, ఇంకేదో దాస్తున్నారంది. కనబడీ కనబడనట్టు నటించే కోడలు ఇంట్లో ఉంటే కొంపకే చేటంది. మా పెదనాన్న, గేట్ బజార్‌లో మాటకు తిరుగులేని మనిషి, చేతులు జోడించి గుమ్మం దాకా వాళ్ళ వెంటపడ్డారు. “దేవుడి మీద ఒట్టమ్మా! మా పిల్లకి ఏటీ కనబడదు! సుక్క కూడా కనబడదు!” వీధిలో వాళ్ళందరూ విన్నారు.

అబ్బాయి గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగాడు. “కనబడకపోతే సెయ్యి ఎలాగ పట్టుకున్నాది?” అని అడిగాడు. అదే గొంతు. నిజంగానే బాగుంది, తొందర లేని గొంతు.

“ఫోనులో మీరు మంచోరు” అంది అప్ప, ఆ గొంతు వచ్చిన వైపు తిరిగి.

వాళ్ళు వెళ్ళిపోయాక ఇంట్లో అందరి కోపం నా మీద పడింది. నా నోరే కొంప ముంచిందన్నారు. సంఘాన్నీ, భువనేశ్వర్ పిల్లనూ, సినిమాలనూ కలిపి తిట్టారు. పెదనాన్న పరుపు మీద కూలబడి, ఇక ఈ జన్మకు సంబంధం రాదని తల పట్టుకున్నారు. అప్ప ఎక్కడ కూర్చుందో అక్కడే కూర్చుని ఉంది.

“ఆవిడ నా ముందు సెయ్యి ఊపినప్పుడు” అంది నాతో, “మా నాన్న ఏటి సేసినాడే?”

“ఇప్పుడవన్నీ ఎందుకప్పా?” అన్నాను.

“సెప్పు.”

పెదనాన్న నా వైపు చూసి మూతి మీద వేలు పెట్టారు. నేను ఆగానంటే ఎవరో ఆపారని అప్పకు తెలుసు. “ఇప్పుడేటి సేస్తన్నాడు?” అంది.

“మూతి మీద వేలు పెట్టారు. నాకేసి చూస్తున్నారు.”

పెద్దమ్మ అటు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. ఇక దాచడానికేమీ లేదు. చెప్పాను. “ఆవిడ చెయ్యి ఊపుతుంటే పెద్దమ్మ లేవబోయింది. పెదనాన్న పెద్దమ్మ వైపు చూసి, అరచెయ్యి బోర్లించి, పరుపు మీద రెండుసార్లు ఆనించారు. పెద్దమ్మ కూర్చుండిపోయింది.”

అర్థం నేను చెప్పలేదు. చెప్పకూడదని నేర్చుకున్నాను. చెప్పాల్సిన అవసరమూ లేదు, అప్ప పుట్టి పెరిగింది ఆ పరుపు పక్కనే.

“నాన్నా” అంది అప్ప, “అదేటో నోటితో సెప్పు.”

“నీకు తెల్దేటమ్మా.”

“తెలుసు. నీ నోట ఇనాల.”

ఆయన పరుపు మీది దుప్పటి ముడతలు సర్దారు. పెళ్ళి కుదరాలనే చేశానన్నారు. ఎదుటివాళ్ళు అనుమానంతో పోకూడదని చేశానన్నారు. చివరికి అలవాటైన మాట దానంతటదే నోట్లోకి వచ్చేసింది. “సరుకు మీద...” అన్నారు, ఎన్నో ఏళ్ళుగా అన్నట్టే. ఆ రెండు మాటల దగ్గరే ఆపేశారు. మిగతాది ఎవరూ వినలేదు.

అప్ప ఏడ్చింది. ఫోనులో మనిషి కోసం కొంత, తండ్రి కోసం కొంత. పెదనాన్న మీద నాకు అప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ కొంచెం మిగిలే ఉంది. ఆయన మంచివాడు కాబట్టే అది పోలేదనుకుంటాను.

ఊళ్ళో మరో కథ నడిచింది. పెదనాన్న వీధిలో అంతగా ఒట్టు వేశారంటే లోపల ఏదో ఉందని, మా అప్పకు కళ్ళు కనబడతాయని గేట్ బజార్ అంతా చెప్పుకుంది. బ్యాంకులో కొందరు అప్ప ముందు నిలబడి వెర్రిమొర్రి మొహాలు పెట్టి చూశారట. పక్క సీటావిడ అవన్నీ అప్పకు వర్ణించింది. ఆవిడకు ఏ సంఘమూ శిక్షణ ఇవ్వలేదు.

ఇంట్లో పెదనాన్న బొత్తిగా మాట తగ్గించేశారు. చేతులు కూడా కదిపేవారు కాదు, ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. అలా కొన్నాళ్ళు గడిచాక, ఒకరోజు భోజనాల దగ్గర పెద్దమ్మ కూర వడ్డించబోతుంటే ఆయన హఠాత్తుగా అన్నారు, “అమ్మా, నాను సెయ్యి అడ్డం పెట్టినాను. కూర సాలని.” ఎవరితో అంటున్నారో మాకు వెంటనే తట్టలేదు. అప్ప ముద్ద నోటి దగ్గర ఆపి, “సరే నాన్నా” అంది. అప్పట్నుంచి అదే వరస. “అమ్మా, తల ఊపినాను.” “అమ్మా, మీ అమ్మ నన్ను కొరకొరా సూస్తన్నాది.” ఇది అనిపించింది కిందికి వస్తుందని నేను అభ్యంతరం చెప్పబోయి ఊరుకున్నాను.

ఎండలు ముదిరే వేళకు అధ్యక్షుడు మళ్ళీ వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. కూర్చుంటూనే శుభవార్త అన్నాడు. అస్కా వాళ్ళు ఊరుకోలేదట. వాకబు చేశారట. కాలేజీలో పాత మాస్టార్లను అడిగారట, కటక్‌లో చూసిన డాక్టరును కూడా పట్టుకుని అడిగారట. “నిజంగానే ఏమీ కనబడదని రూఢి అయింది ఆజ్ఞా! వాళ్ళ ఆనందం చూడాలి మీరు! అబ్బాయి తల్లయితే దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ముహూర్తం పెట్టుకోమంటున్నారు. పెళ్ళికి మా సంఘం తరఫున వర్ణన ఏర్పాటు చేస్తాం, ఉచితంగా, పేపర్లో ఫోటో కూడా వేయిస్తాను.”

నేను అప్ప పక్కకు జరిగాను, సందు కోసం. కానీ నా అవసరం పడలేదు.

“అమ్మా” అన్నారు పెదనాన్న. “నా సెయ్యి పరుపు మీదుంది. ఎల్లకిలా తిప్పి పెట్టినాను.”

అధ్యక్షుడు ఆ చెయ్యి వంక, ఆయన ముఖం వంక అయోమయంగా చూశాడు.

“అలాటి సైగ మనకి నేదు గదా నాన్నా” అంది అప్ప. “దానికి ఏటి అర్థం?”

“నీ ఇష్టమని” అన్నారాయన. నోటితోనే అన్నారు.

అప్ప మెల్లగా చెయ్యెత్తి, చెవి గోక్కుంది.

పెద్దమ్మ లేచి వాకిట్లోకి వెళ్ళి, అధ్యక్షుడి చెప్పులు వీధి వైపు తిప్పి పెట్టి వచ్చింది.